గడప మీద ఆమె చేతులు

శుక్రవారం ఉపవాస ప్రార్థనలో మనవులు చెప్పమంటే ఎవరేం చెబుతారో మనకు తెలుసు. ఒకరు కొడుకు ఉద్యోగమంటారు, ఒకరు కూతురి కానుపంటారు, ఒకరు మోకాళ్ల నొప్పులంటారు. అందరూ అయిపోయాక, వెనక గోడవారగా కూర్చున్న ఒక సోదరి కొంగు నిండుగా కప్పుకుని 'మా ఆయన మారాలని ప్రార్థన చేయండమ్మా' అంటుంది. అంతే. ఇంకేమీ చెప్పదు. ఎవరూ అడగరు. 'ప్రభువు చూసుకుంటాడులేమ్మా' అంటూ పాస్టరమ్మగారు పుస్తకంలో రాసుకుంటారు. మనం తరువాతి మనవికి వెళ్లిపోతాం.

ఆ 'మారాలి' అన్న మాటకు ఇంటింటికీ వేరే అర్థం ఉంటుంది. ఒకచోట తాగొచ్చి చెయ్యి చేసుకోవడం. ఇంకోచోట చుక్క ముట్టని మనిషే, ఆదివారం నిలబడి వాక్యం చదివే మనిషే, ఇంటికెళ్లి జుట్టు పట్టి ఈడవడం. కొన్ని ఇళ్లలో దెబ్బ అంటూ ఉండదు. 'మీ పుట్టింటివాళ్లు ఏం పెట్టారని' అంటూ పొద్దస్తమానం పొడిచే మాటలుంటాయి. ఉద్యోగం చేసే భార్యకు జీతం పడిన రోజే ఏటీఎం కార్డు ఆయన జేబులోకి పోతుంది, కూరగాయల డబ్బుకు కూడా లెక్క చెప్పాలి. డ్వాక్రా గ్రూపులో ఆమె పేరున తెచ్చిన అప్పు ఆయన వాడుకుంటాడు, వాయిదా ఆమె కట్టుకోవాలి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో కాపురమైతే ఆమె పాస్‌పోర్టు బీరువాలో, తాళం ఆయన దగ్గర. పడకగదిలో బలవంతం సంగతి కన్నతల్లితో కూడా చెప్పుకోలేదు. 2005లో పార్లమెంటు చేసిన గృహహింస చట్టం, అది 2006 అక్టోబరు 26 నుంచి అమల్లోకి వచ్చింది, వీటన్నిటినీ హింస అనే పిలిచింది. ఒంటిమీద దెబ్బ, లైంగిక హింస, మాటలతో మనసుకు పెట్టే హింస, డబ్బు దగ్గర కట్టడి, ఈ నాలుగూ ఆ నిర్వచనంలో ఉన్నాయి. చట్టం ఒప్పుకున్నంత సూటిగా మన సంఘాలు ఇంకా ఒప్పుకోలేదు.

2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 18 నుంచి 49 ఏళ్ల వయసున్న, పెళ్లయిన స్త్రీలలో 29.3 శాతం మంది భర్త చేతిలో హింస అనుభవించినవారే. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 30 శాతం. తెలంగాణలో 36.9 శాతం. సుమారుగా ముగ్గురిలో ఒకరు. మన మందిరానికి ఈ లెక్క వర్తించదనుకోవడానికి మనకు ఏ ఆధారమూ లేదు. వచ్చే ఆదివారం స్త్రీల వైపు చాపల మీద ఎంతమంది కూర్చున్నారో చూసి మూడుతో భాగించుకుంటే చాలు.

అదే సర్వేలో ఇంకో సంగతి ఉంది, అది మనకు మరీ సిగ్గుచేటు. చెప్పకుండా బయటికి వెళ్లినా, ఎదురు మాట్లాడినా, వంట సరిగా చేయకపోయినా, అత్తమామలను గౌరవించకపోయినా భర్త కొట్టడం సబబేనా అని అడిగితే, వీటిలో ఏదో ఒక కారణానికి సబబేనన్న స్త్రీలు దేశం మొత్తం మీద 45 శాతం ఉంటే, మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దాదాపు 84 శాతం చొప్పున ఉన్నారు. ఈ జవాబు చెప్పింది మగవాళ్లు కాదు, స్త్రీలే. కొట్టించుకోవడం కాపురంలో భాగమని మన అమ్మలు, అమ్మమ్మలు, అత్తలు మనకు నేర్పిన చదువు అంత లోతుకు దిగింది. అందుకే హింసకు గురైన వాళ్లలో 77 శాతం మంది ఎవరి సాయమూ కోరలేదు, ఎవరికీ చెప్పుకోనూ లేదు. ఈ లెక్క తెలిశాక ఆ వెనక వరస సోదరి నోరు విప్పి ఆ ఒక్క ముక్కయినా అనడం ఎంత పెద్ద సంగతో అర్థమవుతుంది.

అల్లుడికి మర్యాదలు

న్యాయాధిపతుల గ్రంథం 19వ అధ్యాయం మీద ప్రసంగం మనం ఎప్పుడైనా విన్నామా? చాలామంది విని ఉండరు. ఆదివారం బడి పిల్లలకు చెప్పే కథ కాదది. కానీ పెద్దవాళ్లు, ముఖ్యంగా ఆడపిల్లల తండ్రులు, తప్పకుండా చదవాలి.

ఎఫ్రాయిము మన్యంలో ఉండే ఒక లేవీయుడి దగ్గరినుంచి అతని ఉపపత్ని బయటికొచ్చేసి బేత్లెహేములోని పుట్టింటికి చేరింది. నాలుగు నెలలు అక్కడే ఉంది. ఆమె ఎందుకు వచ్చేసిందన్న దగ్గర పాత ప్రతుల్లోనే తేడా ఉంది. హెబ్రీ ప్రతి ఆమెదే తప్పన్నట్టు చెబుతుంది, ప్రాచీన గ్రీకు అనువాదమేమో ఆమె అతనిమీద కోపగించుకుని వెళ్లిందంటుంది. పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల గురించి ఊరు రెండు రకాలుగా చెప్పుకోవడం అప్పటినుంచీ ఉన్నదే. లేవీయుడు ఆమె మనసు మళ్లించి తీసుకెళ్లాలని ఒక పనివాణ్ని, రెండు గాడిదలను వెంటబెట్టుకుని వచ్చాడు. మామగారు అల్లుణ్ని చూసి సంతోషించాడు. మూడు రోజులు విందు. నాలుగో రోజు బయలుదేరతానంటే ఇంకాస్త తిని వెళ్లమన్నాడు, ఆ రాత్రీ ఉంచేశాడు. అయిదో రోజూ అదే వరస. ఇద్దరు మగవాళ్లు కలిసి తిన్నారు, తాగారు. వచనం వెంట వచనం అదే.

ఈ అయిదు రోజుల్లో ఆ అమ్మాయి ఒక్క మాట మాట్లాడినట్టు గ్రంథంలో లేదు. 'నువ్వెందుకు వచ్చేశావమ్మా' అని తండ్రి అడిగినట్టు లేదు. 'ఇతనితో వెళ్లడం నీకిష్టమేనా' అని ఎవరూ అడిగినట్టు లేదు. ఆమె మనసుతో మాట్లాడదామని వచ్చిన లేవీయుడు కూడా ఆమెతో మాట్లాడినట్టు లేదు. అల్లుడికి జరిగిన మర్యాదలన్నీ ఉన్నాయి, కూతురి మాట ఒక్కటే లేదు. మన ఇళ్లలో జరిగే పంచాయితీలు చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. అల్లుడొస్తే కోడి కోస్తాం, బట్టలు పెడతాం, 'ఏదో చిన్నపిల్ల, తెలియక వచ్చేసింది, మనసులో పెట్టుకోకు బాబూ' అంటాం. పిల్ల మాత్రం వంటింట్లో ఉంటుంది. సాయంత్రానికి సంచి సర్దించి పంపేస్తాం.

ఆ తరువాత కథ చెప్పడానికి నోరు రాదు. చీకటి పడేవేళకు వాళ్లు గిబియా చేరారు. యెబూసు అన్యుల పట్టణమని దాన్ని దాటి, మనవాళ్ల ఊరని నమ్మి మరీ గిబియాకు వెళ్లారు. ఒక ముసలాయన ఇంట్లోకి రానిచ్చాడు. ఊళ్లోని దుర్మార్గులు ఇంటిని చుట్టుముట్టి లేవీయుణ్ని బయటికి పంపమంటే, అతడు తన ప్రాణం కాపాడుకోవడానికి ఆమెను పట్టుకుని బయటికి తోసేశాడు. తెల్లవార్లూ ఆమెను చెరిచి, ఉదయానికి విడిచిపెట్టారు. ఆమె నడుచుకుంటూ వచ్చి ఆ ఇంటి వాకిట్లో పడిపోయింది. చేతులు గడప మీద ఉన్నాయి. పొద్దున్నే ప్రయాణం కట్టి తలుపు తెరిచిన భర్త ఆమెతో లేచి రమ్మన్నాడు. ఆ అధ్యాయం మొత్తంలో అతడు ఆమెతో అన్నట్టు రాసి ఉన్నది ఆ ఒక్కటే. ఆమె జవాబియ్యలేదు.

గిబియావాళ్లు చేసింది ఘోరమని ఇశ్రాయేలు మొత్తం లేచింది, యుద్ధం చేసింది. లోపల తలుపు వేసుకున్నవాణ్ని మాత్రం ఎవరూ నిలదీయలేదు. బేత్లెహేములోని ఆ తండ్రి సంగతి గ్రంథం మళ్లీ ఎత్తదు. ఇది గ్రంథంలో ఎందుకుందని అడిగేవాళ్లకు మాకు తోచే జవాబు ఒకటే. ఇలాంటిది దేవుని ప్రజల ఇళ్లలోనే జరుగుతుందని, దాన్ని దాచకూడదని పరిశుద్ధ గ్రంథం అనుకుంది. మన సంఘాలు దాస్తున్నాయి.

దావీదు ఎందుకు వెనక్కి వెళ్లలేదు

దెబ్బలు తిన్న సోదరికి మనం చెప్పే సలహాలు మూడే మూడు. ఓర్చుకోమ్మా, లోబడమ్మా, క్షమించమ్మా. మూడూ గ్రంథంలో ఉన్న మాటలే, అందుకే ఆమెకు ఎదురు చెప్పడానికి దారి ఉండదు.

సౌలు, దావీదుల కథ మనకు కంఠతా వచ్చు. సౌలు దావీదుకు రాజు, పైగా మామగారు, యెహోవా అభిషేకం పొందినవాడు. దావీదు సితారా వాయిస్తుంటే ఈటె విసిరాడు. దావీదు పక్కకు తప్పుకున్నాడు. మళ్లీ విసిరాడు. ఆ రాత్రి మీకాలు అతన్ని కిటికీలోంచి దించి పంపింది. దావీదు పారిపోయాడని అతని విశ్వాసాన్ని మనం తక్కువ చేసి ఎప్పుడూ మాట్లాడలేదు. హేరోదు కత్తికి దొరకకుండా యోసేపు రాత్రికి రాత్రి బిడ్డను, తల్లిని తీసుకుని ఐగుప్తుకు వెళ్లాడు. దాన్ని విధేయత అన్నాం. రాత్రి పదకొండింటికి ఇద్దరు పిల్లల్ని చంకనేసుకుని పుట్టింటి బస్సెక్కిన స్త్రీని మాత్రం 'కాపురం వదిలేసి వచ్చింది' అంటాం.

ఇంకా ముఖ్యమైనది ఆ తరువాత ఉంది. ఏన్గెదీ గుహ దగ్గర దావీదు తనను చంపకుండా వదిలాడని తెలిసి సౌలు బిగ్గరగా ఏడ్చాడు. నాయనా దావీదూ అన్నాడు, నాకంటే నువ్వు నీతిమంతుడివన్నాడు. ఇంకోసారి జీఫు అరణ్యంలో, తాను పాపం చేశానని, ఇక కీడు చేయనని, తిరిగి రమ్మని పిలిచాడు. దావీదు ఏం చేశాడు? పగ తీర్చుకోలేదు. ఆ ఈటెను ఒక పనివాడి చేత తిరిగి ఇప్పించాడు. కానీ సౌలుతో ఇంటికి వెళ్లలేదు, తన దారిన తాను వెళ్లిపోయాడు. ఈ రెండూ ఒకే మనిషి ఒకే రోజు చేశాడు. క్షమాపణ మనసులో జరిగేది. కలిసి ఉండడానికి అవతలి మనిషి నిజంగా మారాలి, ఆ మార్పు తెలియడానికి రోజులు పడుతుంది, ఏడుపు సరిపోదు.

భార్యను కొట్టే భర్తల్లో చాలామంది మర్నాడు ఏడుస్తారు. కాళ్లు పట్టుకుంటారు, చీర తెస్తారు, బైబిలు మీద చెయ్యేసి ఒట్టు పెడతారు. నాలుగు రోజులు బాగుంటారు. మళ్లీ చిటపటలు మొదలవుతాయి, మళ్లీ దెబ్బ. ఈ చక్రం గురించి తెలిసినవాళ్లు చెప్పేది, ప్రతి తిప్పుకూ దెబ్బ పెద్దదవుతుందని, మంచిగా ఉండే రోజులు తగ్గుతాయని. ఆ నాలుగు రోజుల ఏడుపు చూసి మనం సంఘంలో సాక్ష్యం చెప్పించేస్తాం, చప్పట్లు కొడతాం. ఆమె ఇక నోరెత్తడానికి వీల్లేకుండా పోతుంది.

లోబడడం గురించి ఎఫెసీ పత్రిక అయిదో అధ్యాయం ఎత్తుతాం కదా. పౌలు ముందుగా అందరినీ ఒకరికొకరు లోబడమన్నాడు. ఆ తరువాత భార్యలకు మూడు వచనాలు చెప్పి, భర్తలకు అంతకు రెండింతలకు పైగా చెప్పాడు. క్రీస్తు సంఘాన్ని ప్రేమించినట్టు, తన్ను తాను అప్పగించుకునేంతగా ప్రేమించమన్నాడు. పెళ్లి ప్రసంగాల్లో ఈ కొలత తలకిందులవుతుంది. పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయంలో భార్యను గౌరవించని భర్త ప్రార్థనలకే అడ్డు వస్తుందని ఉంది. మలాకీ రెండో అధ్యాయంలో పరిత్యాగం తనకు అసహ్యమన్న దేవుడు అదే ఊపులో బలాత్కారమూ అసహ్యమన్నాడు. మొదటి సగమే మనకు గుర్తుంది.

గోడ అవతల పిల్లలు

'పిల్లలు నిద్రపోయాకే గొడవలు, వాళ్లకేం తెలీదు' అనే తల్లులున్నారు. వాళ్లు నిద్రపోరు. దుప్పటి ముసుగేసుకుని వింటుంటారు. ఎనిమిదేళ్ల పిల్ల పక్క తడుపుతుంది. బడికెళ్లే పిల్లాడు రోజూ పొద్దున కడుపునొప్పంటాడు, డాక్టరుకేమీ దొరకదు. బాగా చదివే పిల్లకు మార్కులు పడిపోతాయి. ఆదివారం బడి టీచర్లకు ఈ గుర్తులు ఎవరైనా చెప్పి ఉంటే, చాలా సంగతులు మొదట వాళ్లకే తెలిసేవి. పెద్దయ్యాక కూడా ఆ రాత్రులు పోవు. తల్లిని తండ్రి కొట్టడం చూసి పెరిగిన ఆడపిల్లలు తామూ భర్త చేతిలో దెబ్బలు తినడం ఎక్కువని కుటుంబ ఆరోగ్య సర్వేలు వరసగా చూపిస్తున్నాయి. మగపిల్లాడికి చేతులెత్తడం ఇంట్లోనే నేర్పేశాం.

తల్లి సంగతి చెప్పనక్కర్లేదు. విరిగిన ఎముక అతుక్కుంటుంది. తలనొప్పులు, నిద్రలేమి, ఊరికే గుండె దడ, దేనిమీదా మనసు నిలవకపోవడం, చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన, ఇవి ఏళ్ల తరబడి ఉంటాయి. గర్భంతో ఉన్నప్పుడు పడే దెబ్బలు కడుపులో బిడ్డ ప్రాణానికే ముప్పు. బలహీనంగా, తక్కువ బరువుతో పుట్టే బిడ్డల వెనక ఇదీ ఒక కారణం. మనం ఈమెకు 'దురాత్మ పట్టింది, ప్రార్థన చేయిద్దాం' అంటాం ఒక్కోసారి.

ఇక తాగుడు. 'తాగుడు మాన్పిస్తే అన్నీ సర్దుకుంటాయి' అన్నది మన సంఘాల్లో గట్టి నమ్మకం. సగం నిజం ఉంది. సర్వే లెక్కల్లో, తరచూ తాగి తూలే భర్తలున్న స్త్రీలలో 70 శాతం మంది హింసకు గురయ్యారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు, వాళ్లలో ముందున్న వర్ధినేని రోశమ్మ, సారా దుకాణాన్ని ఊళ్లోంచి తరిమేసింది ఈ బాధ పడలేకే. అక్షరాలు దిద్దడానికి కూర్చున్నవాళ్లు తమ ఇళ్ల సంగతి మాట్లాడుకుని లేచారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అది పోయింది. కానీ మిగతా సగం కూడా చూడాలి. అసలు తాగని భర్తలున్న స్త్రీలలోనూ 23 శాతం మంది హింసకు గురయ్యారు. తాగినవాడు పై అధికారిని కొట్టడు, సంఘ పెద్దను కొట్టడు, ఇంటికొచ్చేదాకా ఆగి భార్యను కొడతాడు. అంత తెలివి మత్తులోనూ ఉంటుంది.

చట్టం మనకు ఆలస్యంగా వచ్చింది

క్రైస్తవ స్త్రీలకు ఇంకో చిక్కు ఉండేది, ఈ తరంవాళ్లకు తెలియకపోవచ్చు. 1869 నాటి ఇండియన్ డైవోర్స్ యాక్ట్ ప్రకారం భర్త భార్య వ్యభిచారం ఒక్కటి రుజువు చేస్తే విడాకులు వచ్చేవి. భార్యకు అలా కాదు. భర్త ఎంత కొట్టినా, ఆ క్రూరత్వం ఒక్కటే చాలేది కాదు. దానితోపాటు వ్యభిచారం కూడా రుజువు చేయాల్సి వచ్చేది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక కూడా యాభై ఏళ్లకు పైగా ఇదే నడిచింది. 1995లో కేరళ హైకోర్టు మేరీ సోనియా జకరియా కేసులో ఈ షరతును కొట్టేసింది. 2001లో పార్లమెంటు చట్టాన్ని సవరించాక గానీ క్రూరత్వం ఒక్కటే కారణంగా క్రైస్తవ భార్య విడాకులు అడిగే హక్కు దేశమంతటా రాలేదు. చదువుతుంటే తల వంచుకోవాలనిపిస్తుంది.

విడాకులు కావాలని అందరూ అనుకోరు. చాలామంది సోదరీమణులు అడిగేది, 'నన్ను కొట్టకుండా ఉంటే చాలు, పిల్లలతో ఆ ఇంట్లోనే ఉంటాను' అని. 'మొగుణ్ని జైలుకు పంపించమంటారా అయ్యగారూ' అని భయపడతారు. గృహహింస చట్టం సరిగ్గా వీళ్ల కోసమే వచ్చింది. మెజిస్ట్రేటు ముందు దరఖాస్తు పెడితే, ఇక కొట్టకూడదని, దగ్గరికి రాకూడదని రక్షణ ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఆ ఇంట్లో ఉండే హక్కు ఆమెదని చెప్పొచ్చు, అవసరమైతే అతన్నే బయటికి వెళ్లమనవచ్చు. ఖర్చులు, పిల్లల సంరక్షణ ఇప్పించవచ్చు. ఇల్లు అత్తమామల పేరున ఉన్నా ఆమె కాపురమున్న ఇల్లే అవుతుందని 2020 అక్టోబరులో సతీశ్ చందర్ అహుజా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ ఉత్తర్వును అతడు మీరితేనే అది నేరం, ఏడాది దాకా జైలో, 20 వేల రూపాయల దాకా జరిమానానో, రెండూనో పడొచ్చు. నేరుగా క్రిమినల్ కేసు వేరే దారి. 1983లో వచ్చిన 498-ఎ సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా ఉంది. దుర్వినియోగం సంగతి ఎత్తేవాళ్లుంటారు. వెంటనే అరెస్టులు చేయవద్దని 2014లోనే సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టింది, ఆ చర్చ కోర్టులు చూసుకుంటాయి. మన చాపమీద కూర్చున్న సోదరి నుదుటి మీద కుట్లు నిజమైనవి.

సంఘం చేయగలిగినవి పెద్ద పెద్దవేం కావు. భార్యాభర్తలిద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి 'నీ బాధేంటో చెప్పమ్మా' అనడం ముందు మానాలి. అతని ఎదుట ఆమె నిజం చెప్పలేదు, చెబితే ఆ రాత్రే దానికి మూల్యం కడుతుంది. ఆమెతో ఒంటరిగా మాట్లాడాలి, మాట్లాడేది స్త్రీ అయితే మంచిది. 'నువ్వేం చేశావు' అన్న ప్రశ్నతో మొదలుపెట్టకూడదు. తామారుకు అన్యాయం జరిగినప్పుడు అబ్షాలోము చెల్లెల్ని ఊరుకోమన్నాడు, దావీదు కోపగించుకుని ఊరుకున్నాడు. రెండేళ్లకు ఆ ఇంట్లో అన్న శవం లేచింది, తరువాత కొడుకు తండ్రిమీదే కత్తి దూశాడు. పరువు కోసం మూసిన సంగతి అది. కొట్టే మనిషి పెద్దల కమిటీలో ఉంటే ఆ కుర్చీ ఖాళీ చేయించాలి. బల్ల దగ్గర అతను రొట్టె పంచుతుంటే తీసుకునే వరసలో ఆమె కూడా ఉంటుంది.

181 మహిళల హెల్ప్‌లైన్ నంబరు రాత్రీపగలూ పలుకుతుంది, ప్రాణాపాయమైతే 112. జిల్లాల్లో సఖి కేంద్రాలున్నాయి, అక్కడ వైద్యం, కౌన్సెలింగ్, లాయరు, రెండుమూడు రోజులు తలదాచుకునే చోటు ఒకేచోట దొరుకుతాయి. ఆదాయంతో సంబంధం లేకుండా ఏ స్త్రీకైనా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. స్త్రీల సమాజం మీటింగులో ఈ నంబర్లు ఒక్కసారి చదివితే అయిదు నిమిషాలు పడుతుంది. మందిరం మరుగుదొడ్డి తలుపు లోపలివైపు అంటించడం ఇంకా మంచిది, అక్కడ ఎవరూ చూడకుండా రాసుకోవచ్చు.

పాస్టర్లకు ప్రత్యేకంగా ఒక పని ఉంది. కోర్టుకు వెళ్లిన సోదరికి పెళ్లి సర్టిఫికెట్ అవసరమవుతుంది. అసలు కాగితం భర్త బీరువాలో ఉంటుంది. రిజిస్టరు మందిరంలో ఉంటుంది. 'మీ ఆయన్ను కూడా తీసుకురామ్మా' అని తిప్పి పంపుతున్నారు కొందరు. ఆ నకలు తీసుకోవడానికి ఆయన అనుమతి అక్కర్లేదు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సు లేకుండానే పెళ్లిళ్లు చేసి, ఏ రిజిస్టరులోనూ ఎక్కించని సంఘాలు కూడా మన మధ్య చాలా ఉన్నాయి. పెళ్లినాడు ఫొటోలు దిగి, కానుక తీసుకుని వెళ్లిన దైవజనులు పదేళ్ల తరువాత ఆమె వచ్చి అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు. పెళ్లి జరిగిందని సాక్ష్యమివ్వడానికైనా వాళ్లు కోర్టు మెట్లెక్కాలి. వాయిదా ఆదివారం పడదు కాబట్టి ఆరాధనకు అడ్డమేమీ రాదు.